తగ్గని బీపీ

బీపీ చూడ్డానికి సంగీత వచ్చే మంగళవారానికి రెండు రోజుల ముందు నుంచే తబితా ఉప్పుచేపల పులుసు పెట్టుకునేది. మాత్రలైతే అసలు మింగేదే కాదు. స్ట్రిప్పులోంచి ఒలిచి పొయ్యిలో పడేసి, ఖాళీ స్ట్రిప్పులు మాత్రం పదిలంగా దాచేది. సంగీత వచ్చినప్పుడు అవి చూపించమంటుంది మరి. ఇంత తెలివి తబితా తన జీవితంలో ఇంకెక్కడా వాడలేదు.

హైదరాబాద్ డాక్టర్లు సారపాక చుట్టుపక్కల బీపీ ఉన్నవాళ్లను పోగుచేసి పరిశోధన మొదలుపెట్టి రెండేళ్లయింది. బీపీని అదుపులో పెడితే కిడ్నీలు ఎంతకాలం నిలబడతాయో తేల్చాలని వాళ్ల ప్రయత్నం. ఇంటింటికీ తిరిగి బీపీ చూసే పని సంగీతది. ఏన్కూరు దగ్గరి తండా పిల్ల, నర్సింగ్ చదివింది, సారపాకలో కిరాయి గదిలో ఉండేది. బీపీ తగ్గనివాళ్ల దగ్గరికి నెలనెలా వస్తుంది. వరసగా మూడుసార్లు మామూలుగా ఉంటే ఇక ఏడాదికి ఒక్కసారే. మొదట్లో తబితా బుద్ధిగా మాత్రలు వేసుకుంటున్న రోజుల్లో ఈ సంగతి సంగీతే నవ్వుతూ చెప్పింది.

"ఇంకొక్కసారి గిట్లనే ఉంటే నువ్ పాసైనట్టే ఆంటీ. నా పీడ పోతది నీకు!"

ఆ పీడ పోవడం తబితాకు అక్కర్లేదు. ఆ రాత్రి నుంచే మాత్రలు పొయ్యిపాలయ్యాయి.

ఏం చేస్తుంది పాపం? భర్త ఎబినేజర్ పేపర్ మిల్లుకొచ్చే వెదురు లారీలు దించేవాడు. జ్వరమొచ్చి పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. చర్చివాళ్లు కొన్నాళ్లు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు, తర్వాత ఆదివారం మెట్ల మీద "బాగున్నవా అక్కా" తో సరిపెట్టారు. పక్క వాటాలోకి ఎవరొచ్చినా కాస్త అలవాటయ్యేలోపు పినపాకకో మణుగూరుకో మారిపోయేవాళ్లు. ఇంకో మనిషి చెయ్యి ఆమె చేతి మీద పడేది సంగీత బీపీ పట్టీ చుట్టేటప్పుడే. పట్టీ చుట్టే ముందు ఇద్దరూ ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, లేకపోతే అంకె తప్పొస్తుందట. ఇంట్లో ఇంకొకరు ఊరికే కూర్చుని ఉండడం ఎంత సుఖమో ఒంటరిగా బతికినవాళ్లను అడగాలి. ఆ కాసేపటి కోసం తబితా నెలంతా కాచుకునేది. నవ్వేవాళ్లు నవ్వండి.

అక్కడ డాక్టర్లు తలలు పట్టుకున్నారు. ఒక మాత్ర రెండైంది, రెండు మూడయ్యాయి. పొయ్యి అన్నిటినీ మింగింది. 2007 ఎండాకాలంలో తబితాకు కాళ్లు వాచాయి, పొద్దున లేస్తే మొహం ఉబ్బి ఉండేది. నిలబడి వంట చేస్తే వాపు వస్తుందిలే అనుకుంది. ఒక్క మనిషికి ఎంతసేపు వండుతావని అడిగేవాళ్లు లేరు.

వానలు మొదలైన నెలలో సంగీత వచ్చింది గానీ సంచీలోంచి పట్టీ తీయలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"పోయినసారి తీసిన రక్తం రిపోర్టు వచ్చింది ఆంటీ. కిడ్నీలు సగం కంటే ఎక్కువ దెబ్బతిన్నయ్. ఇంత పాడైనోళ్లను రీసెర్చిల ఉంచరు, నీ పేరు తీసేసిండ్రు. ఇగ నువ్ నెలనెలా ఖమ్మం పెద్ద దవాఖానాకు పోవాలె."

కిడ్నీల మాట తబితా చెవికెక్కలేదు.

"అయితే ఇగ నువ్ రావా?"

"నేనెట్ల వస్త? నాకైతే సమజైతలేదు. మూడు రకాల మాత్రలు మింగినా బీపీ దిగకపోవుడేంది?"

"మింగలే బిడ్డా."

"ఏంది?"

"ఒక్కటి గూడ మింగలే. బీపీ తగ్గితే నువ్ రావాయె."

ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి ఆ పిల్లకు.

"నాకోసం కిడ్నీలు పాడుచేసుకున్నవా? ఒక్క మాట చెప్తే ఏం పోయె? అన్ని ఇండ్లు తిరిగినంక నీ ఇల్లు ఆఖరుకు ఎందుకు పెట్టుకుంటున్న అనుకున్నవ్? గదికి పోతే నాకు మాట్లాడే దిక్కు లేదు. ఆదివారమైతే తలుపేసుకొని పండుకుంటుంటి. నువ్ రమ్మంటే రాకపోదునా?"

రమ్మనడం. రెండేళ్లలో ఆ మాట తబితా నోటి దాకా ఎన్నిసార్లు వచ్చిందో. ఉద్యోగం మీద వచ్చే పిల్లను ఊరికే రమ్మని ఎలా అడగడం, కాదంటే మొహం ఎక్కడ పెట్టుకోవడం అని మింగేసింది. మాత్రలు మింగకపోయినా అది మాత్రం బాగా మింగింది.

ఇప్పుడు పోయేదేముందని అడిగింది.

"ఈ ఆదివారం వస్తవా బిడ్డా?"

సంగీత చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"నీ పేరు గూడ పోయినంక ఈ పక్కన నెలనెలా చూడాల్సినోళ్లు ఎవ్వరు మిగల్లే ఆంటీ. నన్ను ఆదిలాబాద్ ఏసిండ్రు. శనివారమే పోతున్న."