గుండ్రటి ముక్కల్లో మలేషియా

గోపాల్‌పూర్ ఒడ్డున వలల పాకలో జగ్గన్న కథ ఎత్తుకుంటే సముద్రం కూడా అలని సగంలో ఆపి వింటుందని ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా జగ్గన్నే అనుకోండి, అది వేరే సంగతి.

ఆ పాకలో, తుపానుకు విరిగిన ఓ పాత నావ చెక్కని రెండు రాళ్ళ మీద వేసి ఉంచారు. దాని మీద కథ చెప్పేవాడు కూర్చుంటాడు. మిగతావాళ్ళు ఇసకలో. పాకకి రాజ్యాంగం అంటూ ఏదైనా ఉంటే అది ఒక్కటే ముక్క: అబద్ధం ఎంతైనా ఆడుకో, పట్టుబడకూడదు. పట్టుబడ్డవాడు చెక్క దిగాలి. మళ్ళీ ఎక్కడానికి లేదు. జగ్గన్న తన ఒంటిచేత్తో తిమింగలానికి దారి చూపించాడు, ఋషికుల్య నది నోటిదగ్గర తాబేళ్ళకి ఒడియాలో సర్దిచెప్పి వరసలో నిలబెట్టాడు. ఎవరు పట్టుకుంటారు? తాబేళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పవు గదా!

అలాంటి జగ్గన్నకి గుండెల్లో రాయి పడింది పెళ్ళాం ఎర్రమ్మ చేతిలో కత్తెర చూసి.

జరిగిందేమిటంటే, ఎర్రమ్మ చెల్లెలు బుల్లమ్మని ఏనాడో మలేషియా తెలుగువాళ్ళ ఇంటికిచ్చారు. వాళ్ళ తాతలు ఇక్కడినుంచే ఓడెక్కి రబ్బరు తోటలకి పోయినవాళ్ళు. ఈ ఏడు వేట నిషేధం పెట్టి బోట్లన్నీ ఒడ్డెక్కగానే బుల్లమ్మ టికెట్లు పంపింది. "అప్పా, బావని తీసుకుని రా. నెల రోజులుండు. ఊళ్ళన్నీ తిప్పుతాను" అంది. జగ్గన్న కాళ్ళు నేలమీద ఆగలేదు. నెల రోజుల విదేశం అంటే పదేళ్ళకి సరిపడా కథలు!

వెళ్ళిన మొదటి వారంలోనే బుల్లమ్మ అక్కని తమ పేటలోని ఆడవాళ్ళ సంఘానికి తీసుకెళ్ళింది. అక్కడ ముసలమ్మలంతా చేత్తో గ్రీటింగ్ కార్డులు చేస్తారు. మెరుపు కాగితాలు, అంటించే పువ్వులు, రిబ్బన్లు, అన్నీ డబ్బాల్లో తయారు. ఎర్రమ్మకీ ఓ అట్ట, కత్తెర ఇచ్చారు. ఎర్రమ్మ ఆ అట్టని పక్కన పెట్టింది. ఇంటికొచ్చి తన పాత చీర ఒకటి చింపింది. చింతగింజలు అడిగింది.

"చింతగింజలెందుకప్పా? జిగురు షాపులో దొరుకుద్ది" అంది బుల్లమ్మ.

"ఆ జిగురుకి ఓపిక నేదే. ఎండితే ఊడిపోద్ది. అయ్య సేసీవోడు గుర్తు నేదా?"

వాళ్ళ అయ్యకి గంజపా ఆట పిచ్చి. గంజాం పల్లెల్లో పెద్దవాళ్ళు ఆడతారే, చేత్తో రంగులేసిన గుండ్రటి ముక్కల పేకాట, అదే. కొనుక్కునే తాహతు లేక తనే చేసుకునేవాడు. గింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురుతో చీరముక్కలు పొరమీద పొర అంటించి, సుద్ద పూసి, ఎండబెట్టి, గుండ్రంగా కోసేవాడు. చిన్నప్పుడు ఆ కోతపని ఎర్రమ్మది. కార్డు అంటే ఆవిడ లెక్కలో గుండ్రంగానే ఉండాలి. నలుపలకలుగా ఉంటే అది కార్డు కాదు, కరెంటు బిల్లు.

ఆ రోజునుంచి ఏ ఊరు చూసొస్తే ఆ రాత్రికి ఆ ఊరు ఎర్రమ్మ చేతిలో గుండ్రటి ముక్కై కూర్చునేది. స్టీలు గ్లాసు బోర్లించి గీత గీసేది. పెనాంగ్ పడవ టికెట్టు సముద్రమైంది. కొబ్బరన్నం పొట్లం కట్టిన అరిటాకు ఎండి కొండైంది. బుల్లమ్మ విసిరేసిన పూల అద్దకం బాతిక్ గుడ్డ తోటైంది. సంఘం ముసలమ్మలు, అందులో చీనావాళ్ళూ మలయావాళ్ళూ ఉన్నారు, కళ్ళద్దాలు సర్దుకుని ఎర్రమ్మ చుట్టూ మూగిపోయారు. భాష రాకపోయినా నోట్లో వేలేసుకోడానికి భాషతో పనేముంది?

జగ్గన్నా చూశాడు. చూసి మెచ్చుకోబోయి, ఒక్కసారి కళ్ళు చిట్లించి దగ్గరగా చూశాడు.

"ఏటే ఇది? ఈ బల్లమీద తొంగున్నోడెవుడు?"

"నువ్వే."

"పడవలో నాను తొంగున్నానా?"

"గుర్రు కూడా పెట్టినావు. గుర్రు గియ్యడం నాకు సేతకాలేదు."

సీతాకోకచిలకల తోటలోనూ జగ్గన్న నిద్రే. పెద్ద బజారులోనూ నిద్రే. ఏం చేస్తాడు, అక్కడి భోజనం అలాంటిది, ఆ చల్లగాలి అలాంటిది. నిద్రపోయినవాడు ఊరుకున్నాడా అంటే, ఊరుకోలేదు. లేవగానే ఫోను తీసి పాకకి వాయిస్ మెసేజులు పంపేవాడు. ఎర్రమ్మ చిన్నాన్న కొడుకు అప్పలరాజు ఫోనుకి అవి చేరేవి. బావమరిది వరస. ఆ చెక్కమీద అప్పలరాజుకి ఎప్పటినుంచో కన్ను. ప్రతి మెసేజూ భద్రంగా దాచుకున్నాడు, దొంగ దొరికేదాకా పోలీసు సాక్ష్యాలు దాచుకున్నట్టు.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడే జగ్గన్న ఆలోచించాడు. ముక్కలన్నీ ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో ఉన్నాయి. ఇంట్లో ఉంటే పేట ఆడవాళ్ళు చూస్తారు, చూస్తే మొగుళ్ళకి చెబుతారు. పెళ్ళాం స్నానానికి వెళ్ళగానే డబ్బా పట్టుకెళ్ళి, ఎవడూ ముట్టని చిరుగు వలల కుప్ప కింద దాచాడు. ఎక్కడ? వలల పాకలోనే! చేప వెళ్ళి గంపలో దాక్కున్నట్టు.

నిషేధం తీసేసే రోజు దగ్గరపడింది కదా, చిరుగు వలలే గదా ముందు కుట్టుకోవాలి! ఆ సాయంత్రం జగ్గన్న పాకకి వచ్చేసరికి అప్పలరాజు కుప్ప లాగేశాడు, డబ్బా మూత తీసేశాడు.

"ఓలమ్మో! బావ మనకి ఫారిన్ గంజపా తెచ్చినాడు! సెప్పకుండా దాసినాడు సూడండి!"

గుండ్రటి ముక్కలు కనబడితే ఈ ఒడ్డున ఇంకోలా ఎవడనుకుంటాడు? జగ్గన్న నోరు తెరిచేలోపే అప్పలరాజు ముక్కలు కలిపేశాడు, పంచేశాడు. పైడయ్యకి, నాగరాజుకి, ముత్యాలుకి, తనకి. పాకలో అందరికన్నా పెద్దవాడు పైడయ్య. దారంతో కట్టుకున్న కళ్ళజోడు తగిలించుకునేదాకా ఆట మొదలవదు.

నాగరాజు చేతిలో ముక్కలు విప్పి తెల్లబోయాడు. "ఇదేటి ఆట? రాజు నేడు, మంత్రి నేడు. ఏ ముక్క సూసినా ఒకే ముసలోడు తొంగున్నాడు!"

"ఆ తువ్వాలు జగ్గన్నది కాదూ?" అన్నాడు ముత్యాలు.

అప్పలరాజు ముఖంలో మెల్లగా దీపావళి వెలిగింది. ఫోను తీశాడు.

జగ్గన్న గొంతు ఫోనులోంచి పాకంతా మోగింది. "ఒరే రాజూ, పెనాంగ్ పడవలో తుపాను పట్టీసింది. కెప్టెను ఏడుస్తన్నాడు. గోపాల్‌పూర్ వోడెవుడైనా ఉన్నాడా అని మైకులో అడిగినాడు. నానే ఎల్లి చుక్కాని పట్టినాను..."

నాగరాజు పడవ ముక్క పైకెత్తి చూపించాడు. టికెట్టు సముద్రం నున్నగా, ముడతైనా లేకుండా ఉంది. బల్లమీద జగ్గన్న నోరు తెరుచుకుని వెల్లకిలా ఉన్నాడు. ఎవరో చీనా ముసలామె జాలిపడి అతని ముఖానికి గొడుగు పట్టింది.

పాక గొల్లుమంది. "చుక్కాని ఏదీ బావా? గొడుగు కర్రే చుక్కానా?"

రెండో మెసేజు: "ఇక్కడ సీతాకోకసిలకలు తెడ్డంత ఉంటాయి. ఒకటి రెక్క కొడితే నా తువ్వాలు చెట్టెక్కీసింది..." ముత్యాలు ముక్క తీశాడు. వేలిగోరంత సీతాకోకచిలక. జగ్గన్న ముక్కుమీద వాలింది. అదీ నిద్రపోతున్నట్టే ఉంది.

నవ్వులకి పాక తాటాకులు రాలాయి. జగ్గన్న గబగబా వెళ్ళి చెక్కమీద కూర్చున్నాడు. చెక్కని రెండు చేతులా పట్టుకున్నాడు. ఈ రెండింటికీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తుపాను అయ్యాక అలిసిపోయి పడుకున్నాననొచ్చు. తప్పించుకోలేనిది ఇంకొకటి ఉంది. రంగుల మెట్లున్న ఆ ముక్క పైడయ్య చేతిలో ఉంది.

అప్పలరాజుకీ తెలుసు. పెద్ద మెసేజుని ఆఖరుకి ఉంచాడు.

"కొండ గుహలో సుబ్రమణ్యస్వామి గుడి రా. బంగారు విగ్రహం మేఘాలకి తగులుద్ది. రంగురంగుల మెట్లు, నిచ్చెన్లా నిట్టనిలువు. మీ అప్పకి మోకాలు నొప్పి గదా, భుజానెత్తుకుని ఒక్క ఊపిరిలో ఎక్కీసినాను. కోతులు చప్పట్లు కొట్టినాయి..."

జగ్గన్న కళ్ళముందు ఆ రోజు తిరిగింది. మెట్ల కింద కొబ్బరిబోండాల బండి నీడలో బుల్లమ్మ కబుర్లు చెబుతుంటే తను నిద్రపోయాడు. ఎర్రమ్మ ఒక్కతే వెళ్ళింది. ఆ మోకాళ్ళు ఎలాంటివి! వయసులో ఉన్నప్పుడు నెత్తిన చేపల గంపతో బరంపురం గేట్ బజార్ దాకా నడిచి నడిచి అరిగిపోయిన మోకాళ్ళు. తను మెలకువొచ్చి చూసేసరికి ఎర్రమ్మ దిగొస్తోంది. ఒక చెయ్యి కమ్మీ మీద, రెండో గుప్పిట్లో విభూతి. జుట్టు చెదిరి, ముఖమంతా చెమటతో మెరుస్తోంది. ఎలా ఎక్కావని తను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. విభూతి మాత్రం నుదుట పెట్టింది, "లే, బస్సు ఒచ్చీసింది" అంటూ.

ఆ ముక్కని జగ్గన్న ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. చూడక్కర్లేదనుకున్నాడు. బోండాల బండి, దాని కింద తను.

"సూపించు పెదనాన్నా" అన్నాడు అప్పలరాజు, చెక్క వైపు అప్పుడే ఒక అడుగేసి.

పైడయ్య ముక్కని వెలుతురుకి పట్టాడు. దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. కళ్ళజోడు తుడిచి మళ్ళీ చూశాడు.

"ఎక్కినాడ్రా" అన్నాడు.

ముక్క చేతులు మారింది. బరంపురం పట్టుచీర అంచులు సన్నగా కోసి, ఒక్కో రంగు ఒక్కో మెట్టుగా అడుగునుంచి పైదాకా అంటించింది ఎర్రమ్మ. బంగారు జరీతో స్వామి. అంచున ఒక కోతి. చిట్టచివర, గుహ నోటిదగ్గర, ఇద్దరు. ఎర్రచీర ఒకరు. పక్కనే నీలంగళ్ళ లుంగీ, భుజాన తువ్వాలు. ఈ ఒక్క ముక్కలో ఆ ముసలాడు నిలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచి ఉన్నాడు.

"మరి భుజాన ఎత్తుకున్నట్టు నేదే?" అన్నాడు అప్పలరాజు నీరసంగా.

"పైకెక్కినాక దింపడా? అక్కడ కూడా మొయ్యాలా?" కసిరాడు పైడయ్య.

సరిగ్గా అప్పుడే డబ్బా వెతుక్కుంటూ ఎర్రమ్మ పాక గుమ్మంలోకి వచ్చింది. అందరూ అటు తిరిగారు. ఎర్రమ్మ మాటంటే ఆ ఒడ్డున తూకపురాయి. బేరం కుదిరాక కూడా కొన్నవాళ్ళని వెనక్కి పిలిచి, "ఇది నిన్నటి చేప బాబూ, తీసుకోకు" అని చెప్పే మనిషి.

"అప్పా, నువ్వు సెప్పు. సత్తెం సెప్పు. బావ మెట్లెక్కినాడా?" అని అడిగాడు అప్పలరాజు.

ఎర్రమ్మ ముక్క వైపు చూసింది. చెక్క పట్టుకుని కూర్చున్న మొగుడి వైపు చూసింది.

"ముక్కలో ఉన్నాడు గదరా" అంది.

అంతే. చెక్క దక్కింది. అప్పలరాజు ఇసకలో కూలబడ్డాడు. ఇక జగ్గన్న చెయ్యవలసిందల్లా గొంతు సవరించుకుని, కోతుల చప్పట్ల దగ్గర కథ అందుకోవడమే. అందుకోబోయాడు కూడా. ఆ మెట్లవైపు ఇంకోసారి చూశాడు. ఒక్కో మెట్టు దగ్గర చీర అంచు ఎంత సన్నగా కోసిందో, ఒక్క పోగు బయటికి రాలేదు. నోట మాట తిరగబడింది.

"నాను ఎక్కనేదురా" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు.

"ఒట్టు. నాను కింద తొంగున్నాను. ఇదే ఎక్కింది. ఒక్కత్తే. ఆ మోకాళ్ళతో. ఎత్తనేదు, తొయ్యనేదు, మంచినీళ్ళైనా ఇవ్వనేదు. మీరు సూడాల్సింది, దిగొస్తంటే ఆ స్వామే దిగొచ్చినట్టుంది..."

ముందు పైడయ్య నవ్వాడు. తర్వాత అందరూ.

"ఫారిన్ ఎల్లొచ్చినాక వినయం కూడా నేర్సినావేటి బావా?" అన్నాడు అప్పలరాజు. "పెళ్ళాన్ని భుజాన మోసినోడు నేదంటాడేటి! సిగ్గుపడతన్నాడ్రోయ్!"

జగ్గన్న లేచి నిలబడి ప్రమాణం చేశాడు. సముద్రం మీద చేశాడు, గంగమ్మ మీద చేశాడు. బుల్లమ్మకి ఫోను చెయ్యమన్నాడు. తిమింగలాన్ని నమ్మిన పాక, తాబేళ్ళని నమ్మిన పాక, ఈ ఒక్కదాన్నీ నమ్మలేదు. జీవితంలో ఒక కథకి అంత చెమటోడ్చింది లేదు. చివరికి విసిగి, "పోండి, నాకీ చెక్కే వద్దు" అని ఇసకలోకి దిగిపోయాడు.

చెక్క ఖాళీగా ఉంది. నిలబడి నిలబడి ఎర్రమ్మకి మోకాలు లాగుతోంది. వెళ్ళి దానిమీద కూర్చుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చెదిరిన ముక్కలు ఒక్కొక్కటే తీసుకుని కొంగుతో తుడిచి సర్దుకుంటోంది. ఆ చెక్కమీద కూర్చున్నవాళ్ళు కథ చెప్పాలని ఆవిడకి తట్టలేదు.

"అప్పా, ఆ కోతి ఏటి సేసింది?" అన్నాడు నాగరాజు ఉండబట్టలేక.

"ఏటి సేస్తాది? నా కొబ్బరిచెక్క లాక్కుపోయింది. సగం తిని, బాగోనేదని తిరిగిచ్చీసింది" అంది ఎర్రమ్మ.

నలుగురూ ముందుకి జరిగారు. అందరికన్నా ముందుకి జరిగింది జగ్గన్న. మెల్లగా, ఎవరికీ వినబడకుండా అడిగాడు: "నన్నక్కడెందుకు పెట్టినావే?"

ఎర్రమ్మ ముక్క తుడుస్తూనే ఉంది. "పైకెల్లినాక ఊరంతా కనబడింది. అటు సూడు అని సెప్పడానికి పక్కకి తిరిగినాను. నువ్వు నేవు. బాగోనేదు. ఇంటికొచ్చి పెట్టీసినాను."

ఆ తర్వాత ఆ కోతి సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పమని అడిగింది జగ్గన్నే.