కోచ్ గారి మ్యూస్లీ బార్లు

"అదేముంది డెల్, కలపడం, వత్తడం! నేనైతే కళ్ళు మూసుకుని చేసేస్తా" అన్నాడు రస్, ట్రేలో ఇంకా చల్లారని మూల నుంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంటూ.

అతని భార్య డెలిస్ తల ఎత్తకుండా గ్లాసు అడుగుతో మ్యూస్లీ బార్ల ఓట్స్, తేనె మిశ్రమాన్ని ట్రేలో వత్తుతోంది. వత్తేటప్పుడు మాటల్లో పడితే చెయ్యి తేలిపోతుంది, చెయ్యి తేలితే బార్లు పొడిపొడిగా రాలిపోతాయి. ఈ సంగతి తెలుసుకోవడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా చేస్తూనే ఉంది. వరింగా ఊరి ఫుట్‌బాల్ జట్టుకి రస్ కోచ్. శనివారం ఆట మధ్యలో విరామం వచ్చేసరికి, బురదకొట్టుకుపోయిన పద్దెనిమిది మంది మగవాళ్ళు బార్ల డబ్బా చుట్టూ మూగుతారు. డబ్బా మూత తీసేది రస్ కాబట్టి ఊరంతా వాటిని కోచ్ బార్లంటుంది. డబ్బా నింపేది ఎవరని అడగాల్సిన అవసరం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

ఆట సీజన్ అయిపోయినా ఈ గురువారం రెండు ట్రేలు చేయక తప్పలేదు. శనివారం ఊళ్ళో షో, ఏటా జరిగే ప్రదర్శన. గొర్రెలూ, గోధుమ కంకులూ, కేకులూ, జాములూ, అన్నిటికీ పోటీలే. క్లబ్బు టీ స్టాల్లో బార్లు లేకపోతే ఎలా?

ఆ ట్రేల్లోంచి ఆరు ముక్కలు తగ్గాయని డెలిస్ గమనించింది గానీ, రస్ తినేశాడనుకుంది. శుక్రవారం సాయంత్రం అతను నీలం రిబ్బను ఊపుకుంటూ వచ్చాడు. మొదటి బహుమతి! వంటల విభాగంలో ‘మగవాళ్ళకు మాత్రమే’ అని ఒక పోటీ ఉంటుంది. పబ్బులో స్నేహితులతో పందెం వేసుకుని, ఆరు ముక్కలూ కాగితం పళ్ళెంలో పెట్టి, తన పేరు రాసి ఇచ్చి వచ్చాడట. న్యాయనిర్ణేత చీటీ మీద ‘అద్భుతమైన పనితనం’ అని కూడా రాసింది.

రస్ చిన్నపిల్లాడిలా గెంతుతుంటే డెలిస్‌కి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఉంది, లోపల మాత్రం ఎక్కడో చురుక్కుమంది. ఏడేళ్ళ క్రితం ఇవే బార్లు ఆమె ఆడవాళ్ళ పోటీకి పెట్టింది. రిబ్బను మాట దేవుడెరుగు, చీటీ కూడా రాలేదు. "ఓట్స్ ముద్దకి బహుమతేమిటమ్మాయ్, అది ఇంటి పనేగా" అంది అప్పుడు అత్తగారు బెరిల్. అవే ఓట్స్, అదే తేనె, అదే చెయ్యి. ఆమె పేరుతో పెడితే ఇంటి పని, అతని పేరుతో పెడితే అద్భుతం. ఒళ్ళు మండింది డెలిస్‌కి. అయినా గిన్నెలు తోముతూ మండటం అలవాటైన ఒళ్ళది, తోమడం ఆగలేదు.

"ఒక్కటే చిక్కు డెల్," అన్నాడు రస్ తల గోక్కుంటూ. "ఈ ఏడాది కొత్త నియమం పెట్టారు, గెలిచినవాడు రేపు మధ్యాహ్నం రెండింటికి హాల్లో చేసి చూపించాలట. ఒక కాగితం మీద రాసిచ్చేయ్, చాలు. చూసి చదివేస్తా."

బెరిల్ ఫోన్ చేసింది. "అన్నీ కొలిచి గిన్నెల్లో సర్ది ఇవ్వమ్మాయ్, వాడికి తడబాటు లేకుండా. ఊరందరి ముందూ మగాడి పరువు."

డెలిస్ కొలిచింది కూడా. ఓట్స్ ఒక గిన్నెలో, ఎండుద్రాక్ష ఒక గిన్నెలో. పొద్దుతిరుగుడు పప్పు కొలుస్తుండగా చెయ్యి దానంతటదే ఆగింది. రేపు రస్ ఈ గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి గుమ్మరిస్తాడు, జనం చప్పట్లు కొడతారు. నిజంగానే కలపడం, వత్తడం తప్ప ఇందులో ఏమీ లేదని తేలిపోతుంది. ఆ మాట నిజం చేయడానికే నేను కూర్చుని గిన్నెలు సర్దుతున్నానా అనుకుంది. కొలిచినవన్నీ తిరిగి సీసాల్లో పోసేసి, సీసాలకి సీసాలే అట్టపెట్టెలో పెట్టేసింది. తర్వాత టీ కాచుకుని, కుర్చీలో వెనక్కి వాలి, కాగితం మీద మొదటి నుంచీ ఉన్నదున్నట్టు రాసింది. రాస్తుంటే హాయిగా ఉంది. రెండో పేజీ కూడా పట్టింది.

రస్ ఆ కాగితాన్ని ముందుగా చదవలేదు. డెలిస్ ఇచ్చిన టిఫిన్ డబ్బాని ఏనాడైనా తెరిచి చూసి తీసుకెళ్ళాడా? మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హాలు కిటకిటలాడుతోంది. జట్టు జట్టంతా వెనక వరుసలో నిలబడి ఈలలు వేస్తోంది. వంటల విభాగం పెద్ద నోలా టిప్పెట్ మైకు పట్టుకుంది. డెబ్బై దాటినా ఆమె చూపు నుంచి ఎవరూ తప్పించుకోలేరు.

"చెప్పండి రస్, మీ బార్లలో ఆ కరకర ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"బాదం!" అన్నాడు రస్ తడుముకోకుండా. "మంచి బాదం దండిగా వేస్తాను."

వెనక వరుసలో ఈలలు ఆగిపోయాయి. ఆటగాడు హ్యామిష్ మొహం పాలిపోయింది. పల్లీ అయినా, బాదమైనా నోట్లో పడితే గొంతు వాచి ఆసుపత్రికి పరిగెత్తే మనిషి అతను. నాలుగేళ్ళుగా ఆ డబ్బాలోవే తింటున్నాడు.

"బాదమా కోచ్?" అన్నాడు నీరసంగా.

రస్ గబగబా కాగితం విప్పాడు. స్టవ్ మీద తేనె, వెన్న పెట్టి, కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"ఒకటి. గురువారం స్కూలు ఆఫీసులో పని ముగించుకుని వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా ట్రక్కు సీటు కింద డబ్బా కోసం వెతకాలి. చేపల ఎర వాసన పోయేదాకా వేణ్ణీళ్ళతో మూడుసార్లు కడగాలి."

హాలంతా గొల్లుమంది. రస్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"రెండు. ‘రాత్రికి ఏం వండుతున్నావ్’, ‘నా సాక్సులెక్కడ’ అన్న ప్రశ్నలకి జవాబులు చెబుతూనే తేనె, వెన్న కరిగించాలి." ఆడవాళ్ళ వైపు నుంచి చప్పట్లు మొదలయ్యాయి. "మూడు. బాదం, పల్లీ లాంటివేవీ... ఏవీ దగ్గరికి రానివ్వకూడదు. హ్యామిష్‌కి పడవు. బదులుగా పొద్దుతిరుగుడు పప్పు వేయించి వేయాలి. ఈ మాట కోచ్‌కి నాలుగేళ్ళుగా చెబుతున్నాను."

హ్యామిష్ గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలాడు. "బతికించావ్ డెలిస్!" అని అరిచాడు. నవ్వులతో రేకుల కప్పు అదిరింది. రస్ చెవులు ఎర్రబడ్డాయి. ఆఖరి అంశం మాత్రం గొంతు తగ్గించి చదివాడు.

"చివరిది. గ్లాసు అడుగుతో బలమంతా పెట్టి వత్తాలి. చల్లారాక కోసి, డబ్బాలో సర్ది, ఎవరు చేశారని ఎవ్వరూ అడగని చోటికి పంపించాలి."

నవ్వులు సద్దుమణిగాయి. నోలా మైకు దగ్గరికి తీసుకుని తాపీగా అడిగింది. "మరి ఎవరు చేశారు రస్?"

రస్ కాగితం వంక చూశాడు. ముందు వరుసలో తల దించుకున్న తల్లిని చూశాడు, ఆమె పక్కనే కూర్చున్న భార్యని చూశాడు. మంచివాడే. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగలేదు కాబట్టి ఆలోచించలేదు, అంతే.

"డెల్," అన్నాడు. "మొదటి నుంచీ డెలే చేసింది. నేను మూత తీశానంతే."

చొక్కాకున్న రిబ్బను ఊడదీసి చేత్తో పైకెత్తాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఊరి నోట తన పేరు వినడం ఇంత బాగుంటుందని డెలిస్‌కి తెలియదు. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

రస్ మొహం వెలిగిపోయింది. గరిటె ఆమె వైపు చాచాడు. "రా డెల్! ఇటొచ్చి నువ్వే చెయ్యి. నీకైతే ఇట్టే వచ్చేస్తుంది."

డెలిస్ కాళ్ళు అలవాటు కొద్దీ లేవబోయాయి. హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి, చేతులు తుడుచుకోబోయింది కూడా. అప్పుడు తన కాళ్ళ వంక తనే చూసుకుని, నవ్వుకుని, మళ్ళీ కుర్చీలో సుఖంగా సర్దుకుని కూర్చుంది.

"నేను కూర్చునే చూస్తా రస్," అంది. "నువ్వు గరిటె తిప్పు, అడుగంటుతోంది."