మర్చిపోయినా కూల్చనిది

గాలి పరదాలోకి దూరింది.

తెల్లటి నూలు గుడ్డ. గంజి వాసన ఇంకా పోలేదు. గాలి దూరగానే మెల్లగా ఉబ్బింది... వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు. మళ్లీ చప్పబడింది.

ఎవరూ లేరు.

ఆమె పరదాలు కుడుతుంది. పెళ్లికి ముందు నుంచీ అదే పని. చుట్టుపక్కల అందరికీ ఆమె పరదాలావిడ.

కిటికీలు కొలవడానికి టేపు పట్టేది కాదు. కిటికీ పక్కన నిలబడి చెయ్యి పైకి చాపేది. వేలి కొస ఎక్కడిదాకా అందింది, అక్కడి నుంచి కడ్డీకి ఎన్ని జానలు — అంతే. గుడ్డ కత్తిరించేది. తన ఎత్తు తనకు తెలుసు. చాచిన చేతి ఎత్తు తెలుసు. ఏళ్ల తరబడి ఆ కొలత తప్పలేదు.

తరవాత ఒక ఏడాది పరదాలు నేలకు జీరాడడం మొదలుపెట్టాయి.

ముందు ఒక ఇంటి నుంచి ఫిర్యాదు. ఆ వెనకే ఇంకో ఇంటి నుంచి. కొట్లో రెండో మిషను మీద కూర్చునే తోడికోడలు ఫోను పెట్టేసి నవ్వింది.

"అక్కా, మన పరదాలు వాళ్లిల్లు ఊడ్చి పెడుతున్నాయట. పనిమనిషిని మానిపించేశారేమో కనుక్కోనా?"

"గుడ్డ సాగిందేమోనే."

"గుడ్డకేం రోగం. ఇలా రా. గోడకి ఆనుకుని నిలబడు."

తోడికోడలు టేపు పట్టింది. కొలిచింది. ఇంకోసారి కొలిచింది. నవ్వు ఆగిపోయింది.

పరదాలు పెరగలేదు.

ఆమె తగ్గింది.

నడుము పట్టేసిందనుకుంది ఇన్నాళ్లూ. బరువైన గుడ్డ చుట్టలు ఎత్తినందుకు అనుకుంది. వెన్నులో రెండు పూసలు నలిగిపోయాయని ఎక్స్‌రే చెప్పింది. ఆ మాట చెవిలో ఆరకముందే మెట్టు దగ్గర తూలింది. కుడి మణికట్టు విరిగింది. ఎండుపుల్ల విరిగినట్టు... అంత చిన్న చప్పుడు.

డాక్టరమ్మ ఎముక కట్టే మందు రాసింది. పెన్నులా ఉండే ఇంజెక్షను, ఒక్కోటి నెల వస్తుంది. రోజూ పొట్ట మీద. రెండేళ్లు.

కట్టు కట్టిన చేత్తో పొడుచుకోలేదు కదా. ఆయన పొడిచాడు.

ఆయన — భర్త. కట్టడాల దగ్గర సూపర్‌వైజరు. పగలంతా మనుషుల మీద అరిచి అరిచి, ఇంటికొచ్చేసరికి గొంతులో ఏమీ మిగలని మనిషి.

సాయంత్రం వచ్చి చేతులు కడుక్కునేవాడు. సిమెంటు వాసన అయినా పోయేది కాదు. మంచం అంచున కూర్చునేవాడు. పొట్ట మీద చల్లగా దూది. చిన్న పోటు. తరవాత ఆ చోట బొటనవేలితో కాసేపు అదిమి పట్టేవాడు.

ఆ కాసేపు.

ఆ కాసేపటి కోసమే... కట్టు విప్పాక, మణికట్టు కుదురుకున్నాక కూడా, ఇక నేను వేసుకోగలనని ఆమె అనలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ వేలు ఆమె ఒంటి మీద అంత నెమ్మదిగా ఎప్పుడూ ఆగింది లేదు.

ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆయనే చెప్పుకునేవాడు. "రోజూ నేనే వేస్తాను. నర్సులు కూడా నా దగ్గర నేర్చుకోవాలి."

ఆమె నవ్వేది. గాలి వచ్చి పోయేది. పరదా ఉబ్బేది, తగ్గేది.

మొదటి ఏడాది దాటింది. ఒక సాయంత్రం ఆమె మంచం మీద కూర్చుని ఎదురుచూసింది. ఆయన టీవీ ముందు కాళ్లు చాపాడు.

"ఇంజెక్షను..."

"పొద్దున్నే వేశాను కదా."

"పొద్దునా?"

"సైటుకి తొందరగా వెళ్లాలని పొద్దున్నే వేసేశాను. గుర్తులేదూ? నీకీమధ్య మతి నిలవట్లేదు."

గుర్తులేదు.

పొట్ట తడుముకుంది. అన్నీ పోట్లే. ఏది ఇవాళ్టిదో, ఏది నిన్నటిదో...

కొన్నాళ్లకు మళ్లీ అదే మాట. ఇంకొన్నాళ్లకు మళ్లీ. ఆయన తోడికోడలి చెవిన కూడా వేశాడు. "మీ అక్క కాస్త మర్చిపోతోందమ్మాయ్. కనిపెట్టి ఉండు." ఇక అడక్కుండానే కత్తెర ఎక్కడుందో ఆమెకు చెప్పడం మొదలుపెట్టింది తోడికోడలు. మెల్లగా, జాలిగా. వేళాకోళాలు మానేసింది.

ఎముకలు పోతున్నాయంటే భయపడని మనిషి ఆ జాలికి భయపడింది.

గుడ్డ మీద గీసే సుద్ద ఉంటుంది. రెండు ముక్కలు కలిసే చోట అడ్డంగా ఒక గీత గీస్తారు. ఏ ముక్క కాస్త జరిగినా గీత తెగిపోతుంది. ఎక్కడ జరిగిందో చూడగానే తెలుస్తుంది. గుర్తుపెట్టుకోవడం మనిషి పని కాదు, సుద్ద పని — కొట్టు నేర్పింది అదే.

ఆమె ఒక సుద్దముక్క ఇంటికి తెచ్చుకుంది.

ఆయన పెన్ను ఫ్రిజ్‌లో పెట్టేశాక వెళ్లి, మూత మీద నుంచి పెన్ను మీదికి సన్నగా ఒక గీత గీసింది. మర్నాడు ఆయన పొడిచాడు. మూత తిరిగింది, గీత తెగింది. తుడిచి మళ్లీ గీసింది. అలా రోజూ.

ఒక సాయంత్రం మళ్లీ అన్నాడు. "పొద్దున్నే వేశాను కదా."

ఆమె ఫ్రిజ్ తలుపు తీసింది. చల్లగాలి మొహాన కొట్టింది.

గీత కలిసే ఉంది. వెంట్రుకవాసి జరగలేదు.

తన మతి ఎక్కడికీ పోలేదు.

సంతోషించాల్సిన మాట. ఆమె ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చలి పాదాల దాకా దిగింది.

అరవలేదు. అడగలేదు. వంటింట్లో నిలబడి తనే పొడుచుకుంది. మూత పెట్టి, గీత గీసి, తలుపు మూసింది.

ఆనాటి నుంచి ఆయన వేసిన రోజు ఆయన వేశాడు. వెయ్యని రోజు ఆమె వేసుకుంది. ఆయన బొటనవేలు అదిమినప్పుడు మాత్రం పొట్ట బిగుసుకునేది.

"ఏంటి, ఇంకా భయమేనా?" అని నవ్వేవాడు.

అడగకపోవడానికి కారణం ఉంది. అడిగితే అబద్ధం ఆగుతుంది. అబద్ధంతో పాటు ఆ వేలూ ఆగుతుంది. ఆ రెండూ ఒకే చేతివని తెలిసి కూడా... ఆమె అడగలేదు.

అంతకు ముందు ఎన్ని పోయాయో తెలియదు. వాటికి గీతల్లేవు.

చివరి పెన్ను అయిపోయింది.

"ఇక చాలు," అన్నాడు. "రెండేళ్లు పొడిచాం. కట్టాల్సింది కట్టేసింది మందు. ఒంటికి కాస్త విశ్రాంతివ్వు."

అంటూనే మోగుతున్న ఫోనెత్తి ఎవరినో తిట్టాడు. "స్లాబు పోసి నీళ్లు పట్టకుండా ఎలా పోయార్రా? ఈ ఎండకి పగుళ్లు రావూ?"

ఫోను పెట్టేదాకా ఆగింది. "మరి నా స్లాబుకి?"

"దానికీ దీనికీ పోలికేంటి," అన్నాడు. నిజంగానే పోలిక కనబడలేదు ఆయనకు.

అయినా ఆమె బయల్దేరింది. ఆయనా వచ్చాడు.

డాక్టరమ్మ గది కిటికీకి పరదా లేదు. గాలి బల్ల మీది కాగితాల అంచులు లేపుతోంది, వదిలేస్తోంది.

"మంచి పని చేశారు, వెంటనే వచ్చారు. కట్టిన ఎముకని పట్టి ఉంచే మందు ఇప్పుడే మొదలుపెట్టాలి. లేకపోతే వచ్చిందంతా కరిగిపోతుంది." స్కాను తిరగేసింది. "పెరిగింది. నేననుకున్నంత మాత్రం కాదు. మధ్యలో డోసులేమైనా తప్పాయా?"

"ఒక్కటీ తప్పలేదు," ఆయనే చెప్పాడు. "రోజూ నా చేత్తో వేశాను."

ఆమె కిటికీ వైపు చూసింది.

వారానికో మాత్ర ఉందట. పరగడుపున వేసుకుని, అరగంట నడుం వాల్చకుండా ఉండాలి. గొంతులోకి మంట ఎగదన్నే జబ్బు ఆమెకు పాతదే. మాత్ర పనికిరాదు. ఇక మిగిలినవి రెండు. ఆర్నెల్లకో ఇంజెక్షను. లేదా ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే మందు.

"మీ వెన్నుకి ఆర్నెల్లదే మేలంటాను. ఎముక ఇంకా గట్టిపడుతుంది. కానీ దానికో పేచీ ఉంది. వేళ తప్పకూడదు. తప్పి, దాని బదులు ఇంకో మందూ పడకపోతే, పూసలు ఒకదాని వెంట ఒకటి నలిగిపోవచ్చు. ఏళ్ల తరబడి కనిపెట్టి వేయించే మనిషి ఉండాలి."

"అదే రాయండి," అన్నాడు ఆయన. "నేనున్నాను కదా."

నేనున్నాను కదా.

ఎంత చల్లని మాట. కొత్త కాపురంలో ఈ మాట కోసం ఎన్ని సాయంత్రాలు గుమ్మంలో నిలబడిందో. ఇవాళ అడక్కుండానే వచ్చింది. ఆ మాట మీద ఇప్పుడు తన వెన్నుపూసలన్నీ పేర్చి పెట్టాలి. ఒకదాని మీద ఒకటి...

ఇవాళైతే తనే చూసుకుంటుంది. రేపు మంచాన పడితే? ఆయన అబద్ధమే నిజమై, మతి పోతే? "మొన్ననే వేయించాం కదా" అంటే? అప్పుడు గీత గీసే చెయ్యి ఉండదు.

"ఏడాదికోసారిది రాయండి," అంది.

"ఎందుకమ్మా?"

"మర్చిపోయినా మనిషిని కూల్చనిది రాయండి."

ఆయన నవ్వాడు. "దీనికి కాస్త మతిమరుపు, డాక్టరుగారూ. అందుకే..."

"నాకు లేదు," అంది ఆమె.

కాగితాలు కదలడం మానేశాయి. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇది కాస్త ఆలస్యమైనా అంత ప్రమాదం లేదు, నిజమే. కానీ ఎముక దానంత పెరగదు. ఉన్నది నిలుస్తుంది. సరేనా?"

ఇంతకన్నా మంచిది ఉంది. ఆమె వెన్నుకు అదే సరిపోతుంది. ఇంట్లోనే ఇమడదు.

"ఉన్నది నిలిస్తే చాలు."

రక్తపరీక్ష చూసి మందు ఎక్కించారు. మొదటిసారి జ్వరం తగలొచ్చన్నారు. తగిలింది. మర్నాటి సాయంత్రానికి ఒళ్లంతా సలుపు. ఎముక ఎముకా విడివిడిగా, నేనిక్కడున్నానని చెబుతున్నట్టు.

ఆయన వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. రోజూ వచ్చే వేళకే గదిలోకి వచ్చాడు. మంచం అంచున కూర్చోబోయి... ఆగాడు. చేతిలో పెన్ను లేదు. ఆ చేతులు ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. గుమ్మం దాకా వెనక్కి వెళ్లాడు.

"నేను మర్చిపోతానని చెప్పావన్నమాట ఆవిడతో."

"మీ పేరెత్తలేదు."

"మర్చిపోవడం ఎవరికైనా ఉండేదే."

"మర్చిపోవడమైతే బాగుండేది."

గుమ్మం పరదా కడ్డీ మీద కీచుమంది. అడుగుల చప్పుడు వినబడలేదు. చెవుల్లో జ్వరం హోరు.

ఎక్కడి నుంచో గాలి. పరదా మెల్లగా ఉబ్బింది. ఒక మనిషి నిలబడ్డంత.

వెనక ఆయన ఉన్నాడో, గాలే ఉందో...

పిలిస్తే తెలుస్తుంది.

ఆమె చెయ్యి దుప్పటి కింద పొట్ట మీద ఉంది. పెదవులు ఎండిపోయాయి.

పరదా ఇంకా చప్పబడలేదు.