నాన్న చెప్పిన జొన్న

మొక్కజొన్న దొరకడమే గగనమైపోయిందని, ఎదిగే కౌజు పిట్టలకి దాని బదులు తెల్లజొన్న పెడదామంది మా ఆవిడ. నాన్న అంతెత్తున లేచారు.

"ఇన్నేళ్ళూ పెట్టిన మేతే పెట్టాలి. నిన్న కాక మొన్న వచ్చావు, నాకు చెబుతున్నావా?"

"ఒక గూడు నాకు వదలండి మామయ్యగారూ. నా పిట్టలు మీవాటితో సమానంగా తూగితే ఇకమీదట దాణా నేను చూసుకుంటా. తూగకపోతే షెడ్డు ఛాయలకే రాను."

మాట ఊరికే జారలేదు. ఆ షెడ్డంటే ఆవిడకి ప్రాణం. ఇద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

దాణా మిల్లుకి ఫోన్ చేసి ఎవరి బస్తా వాళ్ళు చెప్పుకున్నారు. నాన్న తన గూటి దగ్గరికి పురుగుని కూడా రానివ్వలేదు. "పసుపు గింజ తిన్న పిట్ట నడకే వేరురా" అని నాతో అనేవారు, వంటింట్లో ఉన్న కోడలికి వినపడేలా.

పిట్టలు ఎదిగాక వేసిన తూకంలో రెండు గూళ్ళవీ సరిసమానంగా తేలాయి. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ హుషారులోనే నాన్న పిట్టలకీ మేత వేద్దామని ఆయన బస్తాలో చెయ్యి పెట్టింది. దోసిట్లోకి చూసి ఆగిపోయింది. మొక్కజొన్న నూక మచ్చుకైనా లేదు. అంతా తెల్లజొన్న.

నేను మిల్లుకి ఫోన్ చేస్తే యజమాని కూతురు ఎత్తింది.

"పెద్దాయన జొన్న దాణా అన్నారండి. జొన్నే పంపాను."

మొక్కజొన్నని దాణా లెక్కలో నాన్న వట్టి 'జొన్న' అంటారు. ఆ సంగతి ఆ అమ్మాయి తండ్రికి తెలుసు, ఈ అమ్మాయికేం తెలుసు. నాకు నవ్వాగలేదు. నాన్నని ఓ ఆట పట్టిద్దామని ఆయన గూటి వైపు తిరిగాను.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. దోసిట్లో దాణా ఆయన ముందుకు చాపింది.

"ఇందులో పసుపు నూక కనిపిస్తోందా మామయ్యగారూ?"

"కనిపించకేం. నిండా ఉంది" అన్నారు నాన్న దర్జాగా. ఆ వెంటనే దోసిటి మీదికి ముక్కు తగిలేలా వంగారు. ఆయన గొంతు తగ్గింది. "లేదా?"

నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

"చెబితే షెడ్డులోకి రానివ్వరేమోనని..." అన్నారు నాన్న.

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళదాం" అంది ఆవిడ. "వచ్చాక మీ పిట్టలు మీవే. ఇప్పుడు కాఫీకి పదండి."

నాన్న కోడలి చెయ్యి పట్టుకుని, కాలితో తడుముకుని గుమ్మం దాటారు. రోజూ అలాగే దాటుతున్నారు కాబోలు. నేనే చూడలేదు.