భీమవ్వ చాట, మూడు పెన్‌డ్రైవులు

పొద్దున తొమ్మిదైతే చాలు, శక్కర్‌నగర్ గల్లీల ఆడోళ్లు అరుగుల మీద చాటలు ఒళ్లె పెట్టుకొని కూసుంటరు. నానిన తునికాకు, తంబాకు, దారం, బీడీలు. భీమవ్వ చాటకు మాత్రం మధ్యాహ్నం ఇంకో పని ఉంటది. గల్లీలోళ్లు తెచ్చింది ఏదైనా అండ్ల ఏసి చెరిగితే, పనికిరానిది ఎగిరి అవతల పడ్తది. విత్తనాలు గానీ, మందుగోలీలు గానీ, పెండ్లి సంబంధాల ఫోటోలు గానీ. నలభై ఏండ్ల సంది గట్లనే నడుస్తున్నది, అండ్ల వింతేమున్నది?

గందుకే మనవరాలు వినీత మూడు పెన్‌డ్రైవులు తెచ్చి ముంగట పెడితే ఎవ్వరూ నవ్వలే.

వినీత డిగ్రీ అయిపోయి ఏడాదైంది. సోమవారం హైదరాబాద్ కంపెనీ పరీక్ష ఉన్నది, ఇంట్ల కూసోనే రాయచ్చు. కానీ ఆమె సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ల పాత విండోస్ తెరుచుకునేసరికి చాయ్ తాగి గ్లాసు కడగచ్చు. ఈ పరీక్ష పోతే మంగళవారం సంది నువ్వు కూడ చాట పట్టాలెనని అమ్మ పుష్పలత ఖరాఖండిగ చెప్పేసింది. బీడీలు చేసుడు తప్పని కాదు. నాయనమ్మ వేళ్లు ఎట్ల వంకరపోయినయో వినీత రోజూ చూస్తున్నది, గదీ ఆమె భయం.

బస్టాండు కాడ కంప్యూటర్ దుకాణం పరమేశ్వర్ విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించుకోమన్నడు. పైసలు కట్టే పని లేదు, లోపల ఏమున్నదో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. సెక్యూరిటీకని కాలి, కోడింగ్‌కని ఫెడోరా, గేమ్స్‌కని బజైట్, మూడు రకాల లినక్స్‌లు తలా ఒక పెన్‌డ్రైవుల పెట్టిచ్చిండు. వినీతకు మూడు పనులూ కావాలె. గేమ్స్ ముచ్చట అమ్మకు చెప్పలేదనుకోండి.

భీమవ్వ తంబాకు దులిపి, మూడూ ఏసి చెరిగింది. మూడూ ఎగిరినయి. ఒకటి మురికి మోరీ అంచున, ఒకటి చెప్పుల నడుమ, ఒకటి వినీత ఒళ్లె పడ్డది. మూడుసార్లు చెరిగినా అంతే.

చాటల నిలవకపోతే అది నీ రాతల లేదని ఇక్కడోళ్ల లెక్క. మూడేండ్ల కింద పక్కింటి రోజాకు ఎవరో ఏజెంటు నింపిచ్చిన నర్సింగ్ ఫారం గిట్లనే ఎగిరిపోతే, ఆ పిల్ల చదువే మానుకొని బీడీలల్ల కూసున్నది. పుష్పలత లోపటికి పోయి అటక మీది ఇంకో చాట దించి కడగవట్టింది. వినీతకు ఏడుపొచ్చింది. అందరి ముంగటనే ఏడ్చింది.

భీమవ్వ మోరీ అంచున పడ్డదాన్ని కొంగుతోని తుడిచి, దీండ్ల సరుకు ఎవరు నింపిండ్రని అడిగింది. పరమేశ్వరన్న అన్నది వినీత. ఆయన ఏడికెల్లి తెచ్చిండంటే తెల్వదన్నది.

"ఇంకొకలు కత్తిరించిన ఆకు నేను నా చాటల ఎయ్యను బిడ్డ. నడుమ పురుగుపట్టిన ఆకు ఉన్నదనుకో, కట్టకు కట్టే అవతల పారేస్తడు బీడీలు సరిచూసే కంపెనీ చెక్కర్. చాట సరుకును ఎల్లగొడ్తది. మనిషిని ఎందుకు ఎల్లగొడ్తది?"

"అందరు గట్లనే అంటరు గద అవ్వ."

"అందరు నన్ను అడిగిండ్రా?"

పక్క అరుగు మీద రోజా దారం చుట్టుడు ఆపింది.

వినీత మొఖం కడుక్కొని దుకాణానికి పోయింది. లినక్స్ తయారుచేసినోళ్లు ఒక్కో ఫైలుకు ఒక పొడుగు అంకె తమ సైట్ల రాసి పెడ్తరు. ఫైలుల ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతది. పరమేశ్వర్ మిషన్ల ఉన్న మూడు ఫైళ్లకు అంకెలు తీసి సరిచూస్తే, మూడింట్ల ఒక్కటి కూడ కలవలే. అంటే నడుమ ఎవరో ఫైళ్లను మార్చిండ్రు. తొందరగ దిగుతున్నదని ఎవరిదో సైటుకెల్లి దించుకున్నడట.

"ఎన్ని మిషన్లకు ఎక్కించినవన్నా?"

"పదకొండు," అన్నడు పరమేశ్వర్, నీరసంగ.

వాటిని వాడద్దని అప్పటికప్పుడు పదకొండు మందికి ఫోన్లు చేసిండు. అసలు సైట్లకెల్లి దించి, అంకెలు సరిచూసి, వినీత తన చేతులతోని మూడు పెన్‌డ్రైవులు మళ్ల నింపుకున్నది. మర్నాడు చాటల ఏస్తే కాలి ఎగిరింది, బజైట్ జెరసేపు ఊగిసలాడి అవతల పడ్డది, ఫెడోరా నిలిచింది. కాలి అంటే తాళాలు పరీక్షించెటోళ్ల పనిముట్ల సంచి, ఉండెటందుకు ఇల్లు కాదని పరమేశ్వర్ అప్పుడు చెప్పిండు. గేమ్స్ ఫెడోరాల కూడ ఆడుకోవచ్చన్నడు. ఆ మాట వినీత మంచిగ విన్నది.

ఫెడోరా ఎక్కించుకొని రాసిన సోమవారం పరీక్షల ఆఖరి ప్రశ్న, నమ్మకమైన మనిషి ఇచ్చిన ఫైలును ఏం చేస్తవని. వినీత నాయనమ్మ ఆకు సంగతే రాసింది.

పది రోజులకు ఉద్యోగం కాయితం మెయిల్ల వచ్చింది. పంపిన అడ్రసు రెండుసార్లు సరిచూసుకున్నంకనే వినీత దాన్ని ప్రింటు తీయించింది. పుష్పలతకు మనసు ఆగలే, చాటల ఎయ్యమన్నది. భీమవ్వ చెరిగింది. అరుగు మీద ఫ్యాను జోరుగ తిరుగుతున్నది, బీడీ ఆకులే లేచి ఎగురుతున్నయి. ఆ ఒక్క కాయితం మాత్రం చాటల నుంచి కదల్లే.

రోజా తన చాట పక్కకు పెట్టి వచ్చి వినీత పక్కన కూసున్నది.

"అక్కా, నర్సింగ్ ఫారానికి అసలు సైటు ఏదో జెర చూస్తవా? ఈసారి నేనే నింపుకుంట."