ఖాళీ రోడ్డు మీద లారీ

మలుపు అవతల రోడ్డు ఖాళీగా ఉంది. అయినా దీపం వెలిగింది.

పంక్చర్ షాపు మీది గదిలో చిన్ని కంప్యూటర్ తెర మీదికి వంగింది. కొండ అడ్డం ఉండడంతో ఆ మలుపులో అవతల ఏముందో కనపడదు. అందుకే ఆమె, స్నేహితుడు బక్కోడు కలిసి అవతలి స్తంభానికి కెమెరా బిగించారు. అక్కడ బండి గానీ మనిషి గానీ ఉంటే కెమెరా తెర మీద దాని చుట్టూ గీత గీస్తుంది. ఇవతల నుంచి వచ్చేవాళ్లకి ఎర్ర దీపం వెలుగుతుంది. ఇప్పుడు ఆ గీత ఏమీ లేని రోడ్డంచున ఉంది. లారీ అంత పొడవు, లారీ అంత ఎత్తు.

నిరుడు అన్నయ్య బైకు మీద గుద్దుకుని చనిపోయింది అక్కడ ఆగి ఉన్న లారీనే, వెనక దీపాలు లేకుండా.

"మీ అన్నకి మన మీద ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదే," అన్నాడు బక్కోడు. అనేసి నాలుక కరుచుకున్నాడు. గుమ్మంలో క్యారియర్‌తో వదిన నిలబడి ఉంది.

వదిన తెర వంక చూసి క్యారియర్ కింద పెట్టింది. "అదే లారీ," అంది.

"అక్కడేం లేదు వదినా."

"ఏం లేదని నాకూ కనపడుతోందమ్మా. అయినా అదే."

ఏడాదిగా వదిన ఆ మలుపు తప్పించి, ఊరంతా చుట్టి పనికి వెళ్తోంది. దీపం ఉందిగదా అని, రేపట్నుంచి ఆ మలుపు మీదుగానే స్కూటీ మీద వెళ్తానంది.

"అనుమతివ్వడానికి రోడ్ల శాఖ ఇంజనీరుగారు బయల్దేరారట," అన్నాడు బక్కోడు. "గీత పడ్డ ఆ ముక్క వరకు కెమెరాకి గంతలు కట్టేద్దాం. సంతకం పడ్డాక తీరిగ్గా చూసుకోవచ్చు."

చిన్ని ఇందాకటి రికార్డింగు వెనక్కి తిప్పింది.

అక్కడ నిజంగానే ఒక లారీ ఆగింది. డ్రైవరు జాకీ పెట్టి టైరు మారుస్తున్నాడు. లారీ చుట్టూ గీత. కాసేపటికి గీత పలచబడింది. తర్వాత పోయింది. లారీ మాత్రం ఉంది. మలుపు తిరిగిన బైకు ఒకటి, ముందు పిల్లని కూర్చోబెట్టుకుని, వెంట్రుకవాసిలో తప్పుకుంది. లారీ వెళ్లిపోయాక ఖాళీ రోడ్డు మీద గీత పడింది.

"ఇదెక్కడి దయ్యంరా బాబూ!" అన్నాడు బక్కోడు.

"దయ్యం కాదు, నేనే," అంది చిన్ని. ఎవరో పోసిన ఇసుక కుప్పకి రోజంతా దీపం వెలుగుతోందని, కాసేపు కదలకుండా ఉన్నదాన్ని రోడ్డుగానే లెక్కేయమని ప్రోగ్రాములో రాసింది ఆమే. కెమెరా లారీని రోడ్డనుకుంది. లారీ వెళ్లాక, అసలు రోడ్డు దానికి కొత్త వస్తువైంది.

ఆ గీత కూడా పోయాక ఇంజనీరు వచ్చి, చూసి, మెచ్చుకుని, కలం తీశాడు.

"ఒక్క నిమిషం సార్. తెర మీదే చూస్తుండండి," అని చిన్ని మెట్లు దిగింది.

మలుపు దాటి, లారీ ఆగిన చోట నిలబడింది. మబ్బు పట్టి ఉంది. ఎదుటి బండరాయి మీద దీపం ఎరుపు పడుతోంది.

"గీత పడింది, ఉన్నావ్," అన్నాడు ఫోనులో బక్కోడు. ఆమె కదలలేదు. "ఉన్నావ్... పలచబడుతున్నావ్... చిన్నీ, పోయావ్."

బండరాయి మీద ఎరుపు ఆరిపోయింది.

కొండకి షాపు వైపు నుంచి బైకు చప్పుడు వినిపించింది. వేగం తగ్గలేదు. అన్నయ్య వచ్చింది కూడా ఆ వైపు నుంచే. ఎవరి బైకో అయి ఉంటుందని ఆమెకి తెలుసు. కాళ్లు మాత్రం రాలేదు.

ఫోను ఎవరో లాక్కున్న చప్పుడు. "కదలవే!" వదిన అరిచింది.

చిన్ని కాలవలోకి దూకింది. బైకు మీద ఎవరో తిట్టుకుంటూ పోయారు. బండరాయి మళ్లీ ఎర్రబడింది.

"పక్కకొచ్చావా?"

"వచ్చాను వదినా."

"మరి ఇక్కడ తెర మీద నువ్వింకా రోడ్డు మీదే నిలబడినట్టు గీత ఉందేంటమ్మా?"

చిన్ని ఖాళీ రోడ్డు వంక చూసింది. 

"దీన్ని ముందు ఆపేయండి," అన్న ఇంజనీరు గొంతు దూరంగా వినపడింది. ఎరుపు ఆరిపోయింది.

వదిన ఫోను పెట్టెయ్యలేదు. "గదికొచ్చేదాకా మాట్లాడుతూనే రా," అంది.