ఒత్తులున్న పేరు

షారోన్ ఫుల్‌టైమ్ కొలువు ఒప్పుకోవాలా వద్దా అన్న లొల్లి ఆ ఇంట్లో మూడోరోజుకొచ్చింది. చత్తాబజార్‌లో పెళ్లికార్డుల ప్రెస్సులో ఆమెది ఇప్పటిదాకా ఒంటిపూట పని. ఇక పొద్దంతా రమ్మంటున్నాడు సేటు. మరి పొయ్యి ఎవరు చూస్తారని అత్త ఆగమ్మ బియ్యం చెరుగుతూనే సణుగుతోంది. మామ శివయ్య రేడియోకు చెవి అప్పగించి కూర్చున్నాడు. భర్త కృపాకర్ మాత్రం ఇటూ అనలేదు, అటూ అనలేదు. అతను నోరు మెదపకపోవడానికి కారణం చొక్కా జేబులో ఉంది.

పొద్దున గొడుగు కోసం భార్య సంచి తెరిస్తే దొరికిన కాగితమది. ఎర్ర రిబ్బను బొమ్మ, రెండు కొసలూ మెలితిరిగి ఉన్నాయి. నడుమ బంగారు రంగు అక్షరాల్లో 'కృష్ణప్రసాద్ వెడ్స్ షారోన్' అని ఉంది. ఆ కాగితంలోనే మూరెడు నిజమైన రిబ్బను చుట్టి ఉంది, లాడ్ బజార్ కొట్టు చీటీతో సహా. జడకు రిబ్బను కట్టుకునే ఆడపిల్ల వాళ్లింట్లో లేదు.

బస్సు డిపోలో మెకానిక్కు అతను. ఎక్కడో చిన్న చప్పుడు వినబడితే ఇంజనంతా విప్పి చూసే అలవాటు. ఆ లెక్కనే నెలరోజులుగా జరిగినవన్నీ విప్పుకున్నాడు. సిస్టమ్ హ్యాంగ్ అయిందంటూ రెండుసార్లు ఆలస్యంగా వచ్చింది. బట్టలు ఆరేస్తూ తనలో తాను నవ్వుకుంది. ఆ రాత్రి అన్నం తింటూ ప్రెస్సులో ఎవరెవరుంటారని మాటల్లో మాటగా అడిగితే, సేటు, కటింగ్ మిషన్ దగ్గర అంజన్న, అంతే అంది. ఆ 'అంతే'లో కృష్ణప్రసాద్ లేడు.

మర్నాడు మధ్యాహ్నం డిపోలో చెప్పకుండా చత్తాబజార్ వెళ్లి ప్రెస్సు మెట్లెక్కాడు. షారోన్ అటు తిరిగి కూర్చుంది. బల్లమీద తెల్ల రిబ్బనొకటి మడతలు పెట్టి, మడత కింద నీడ ఎక్కడ పడుతోందో వంగి చూస్తోంది. చూసినట్టే కంప్యూటర్లో, ఫొటోషాప్‌లోని రిబ్బను బొమ్మకు నీడ దిద్దుతోంది.

"ఎవరు గావాలె భాయ్?" కటింగ్ మిషన్ దగ్గరి ముసలాయన అడిగాడు.

"కృష్ణప్రసాద్ ఉన్నడా?" కృపాకర్ జేబులోంచి కాగితం తీసి చూపించాడు.

అంజన్న ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వాడు. "గాయన యాడుంటడే! ఉత్త పేరు గది. కింద ఒత్తులు జూడు, ఎన్నున్నయో. రిబ్బన్ల పేరు రాస్తె ఒత్తులు అంచు దాటి కిందికి జారుతయి. గా పేరు పట్టిందంటె ఎవ్వని పేరైన పడతది. అందుకే కొత్త రిబ్బన్ జేసినప్పుడల్ల గాయనకే లగ్గం జేస్తం."

"మరి పిల్ల పేరు?"

"ఎవరు టైపు గొడితె వాళ్లది. పోయిన నెల గాయనకు నన్నే గట్టబెట్టిన్రు."

నవ్వుకు షారోన్ తిరిగి చూసింది. తెరమీద ష్ణ ఒత్తు రిబ్బను అంచు మీద వేలాడుతోంది. ఆమె చూపు కృపాకర్ ముఖం మీద కాదు, అతని చేతిలోని కాగితం మీద ఆగింది.

గొడుగు కోసం చూస్తుంటే దొరికిందని అతను గొణిగాడు. ఆమె "తిన్నవా?" అని మాత్రం అడిగి, మళ్లీ తెరవైపు తిరిగింది. అరిచినా బాగుండేదనుకుంటూ అతను మెట్లు దిగాడు.

సాయంత్రం అందరూ తినడానికి కూర్చోగానే ఆగమ్మ పొయ్యి సంగతి మళ్లీ ఎత్తింది. షారోన్ ఆమె కంచంలో పప్పు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టింది.

"సేటుకు సరే అని చెప్పిన అత్తమ్మా," అంది, గొంతు పెంచకుండానే. "సోమవారం నుంచి పొద్దంతా పోత. ఈయన ఇయ్యాల ప్రెస్సుకొచ్చి అంత చూసిపోయిండు, ఇంక ఎవ్వరికి ఏ ఫికర్ లేదు. పొద్దటి వంట నేను జేసిపోత. మాపటి వంట ఈయన జేస్తడు."